ప్లక్లీ దెయ్యాల నడక: పగలు వెళ్లండి, చర్చితో మొదలుపెట్టండి

ప్లక్లీకి దెయ్యాల కోసం వెళ్లేవాళ్లలో చాలామంది రెండు పొరపాట్లు చేస్తారు. చీకటి పడ్డాక వెళ్తారు, వెళ్లీ వెళ్లగానే అడవిలోకి నడుస్తారు. అలా వెళ్తే బూట్లకు అంటిన బంకమట్టి తప్ప ఏమీ దక్కదు. అదే పగలు వెళ్లి, చర్చితో మొదలుపెట్టి, ఇళ్ల కిటికీలు చూసుకుంటూ నడిస్తే, లండన్ నుంచి ఒక్కరోజులో వెళ్లిరాగల జానపద కథల ఊళ్లలో దీన్ని మించింది దొరకడం కష్టం. నా లెక్కలో పగటి ప్లక్లీకి 5కి 4, రాత్రి ప్లక్లీకి 5కి 1.

ఇంగ్లండ్ ఆగ్నేయ మూలన కెంట్ కౌంటీలో, ఆష్‌ఫర్డ్ పట్టణానికి పడమటి వైపు, గ్రీన్‌శాండ్ గుట్టల వరస అంచున ఉందీ ఊరు. గుట్ట మీద నిలబడితే దక్షిణాన వీల్డ్ పల్లపు నేలంతా కనిపిస్తుంది. 1989 గిన్నిస్ బుక్ దీన్ని 12 దెయ్యాలతో ఇంగ్లండ్‌లో అతి ఎక్కువ దెయ్యాలున్న ఊరుగా ఎక్కించింది. ఇప్పుడు ఎవరి జాబితా తీసుకున్నా 12కి తగ్గదు, 16 దాకా పోతుంది. ఊరి తరఫున టికెట్ కౌంటరంటూ లేదు, మ్యూజియం లేదు. మీరే మ్యాప్ పట్టుకుని తిరగాలి. అందుకే ఏది ఏ క్రమంలో చూడాలో తెలిసి వెళ్లినవాళ్లకీ తెలియక వెళ్లినవాళ్లకీ అనుభవంలో అంత తేడా.

మొదట సెయింట్ నికోలస్ చర్చి. ఇక్కడ డెరింగ్ చాపెల్ అని ఒక భాగముంది. డెరింగులు ఈ ఊరి జమీందార్లు. ఊరికి దాపున సరెండెన్ డెరింగ్ అనే భవంతిలో కొన్ని శతాబ్దాలు ఉన్నారు. ఈ ఒక్క కుటుంబం తీగ లాగితే ఊళ్లో సగం దెయ్యాల డొంక కదులుతుంది. కాబట్టి చర్చిని ఆఖరికి వదిలిపెట్టకండి.

చర్చికి ఇద్దరు ఆడదెయ్యాలు. ఎర్ర లేడీ సమాధుల మధ్య తిరుగుతూ, పుట్టగానే పోయిన బిడ్డ కోసం వెతుకుతుందంటారు. తెల్ల లేడీ చర్చి లోపలా, భవంతిలోని గ్రంథాలయంలోనూ కనిపించేదట. ఆమె అందం చెడకూడదని భర్త ఆమెను ఒకదానిలో ఒకటిగా ఏడు సీసపు పేటికల్లో పెట్టి, గుండెల మీద ఎర్ర గులాబీ ఉంచి, ఆ మొత్తాన్ని ఓక్ పెట్టెలో మూసి నేలమాళిగలో పెట్టించాడన్నది కథ. ఈ ఏడు పేటికల కథను కొందరు ఎర్ర లేడీకి చెబుతారు, కొందరు తెల్ల లేడీకి. రెండు వెర్షన్లు విన్నప్పుడు ఎవరిది నిజం అని వాదనకు దిగనక్కర్లేదు. ఒకే కథ ఇద్దరు మనుషుల మధ్య ఎలా అటూ ఇటూ పోతుందో కళ్లముందు చూడొచ్చు. నోటి కథలు సేకరించేవాళ్లకు ఇలాంటి చోటు దొరకడం అదృష్టం.

ఏడు పేటికల బరువు ఒకసారి లెక్కేయండి. మనిషి పట్టే పెట్టెకు సుమారు 3 చదరపు మీటర్ల రేకు కావాలి. రేకు మందం 3 మిల్లీమీటర్లనుకున్నా, సీసం ఘనమీటరుకు 11,300 కిలోల పైచిలుకు తూగుతుంది గనుక ఒక్క పెట్టే వంద కిలోలు. బయటికి పోయేకొద్దీ పెట్టె పెద్దదవుతుంది, కాబట్టి ఏడూ కలిస్తే 700 కిలోలు దాటిపోతాయి. పైన ఓక్ చెక్క. దాన్ని నేలమాళిగలోకి దించాలంటే కప్పీలూ మోకులూ కావాలి. 17, 18 శతాబ్దాల్లో ఇంగ్లండ్‌లో కలవారికి లోపల చెక్క, మధ్యలో సీసం, బయట చెక్కగా మూడు పొరల పేటిక మామూలే. ఆ మూడు పొరలే చెప్పగా చెప్పగా ఏడయ్యాయని నా అంచనా. చర్చిలో నిలబడి ఈ లెక్క పిల్లలతో వేయించండి. కథ మీద మోజు తగ్గదు, పెరుగుతుంది.

చర్చిలో దెయ్యాలకన్నా గట్టి సరుకు ఇంకోటుంది. డెరింగుల పూర్వీకుల పేర్లతో ఉన్న ఇత్తడి పలకలు చూడండి. వాటిలో కొన్ని 1400ల నాటివన్నట్టు కనిపిస్తాయి. చెక్కించింది మాత్రం 1600ల్లో, సర్ ఎడ్వర్డ్ డెరింగ్ (1598–1644). ఈయన పార్లమెంట్ సభ్యుడు, పాత పత్రాలంటే ప్రాణం పెట్టేవాడు. రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి మాగ్నా కార్టా పత్రం ప్రతి ఒకటి ఈయన ద్వారానే 1630లో పాత పత్రాలు సేకరించే రాబర్ట్ కాటన్ చేతికి చేరింది. అది ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అంతటి పండితుడూ తన వంశాన్ని మరింత ప్రాచీనం చేయాలనుకున్నాడు. ఇంగ్లండ్‌లో మిగిలిన వంశచిహ్నాల చుట్టల్లో అతి పాతదైన డెరింగ్ రోల్‌లో 324 డాళ్ల బొమ్మలున్నాయి. అది 13వ శతాబ్దం చివరి భాగానిది. ఈయన అందులో నికోలస్ డి క్రియోల్ పేరు చెరిపేసి, రిచర్డ్ ఫిట్జ్ డెరింగ్ అని లేని పూర్వీకుడి పేరు రాశాడు. ఆ చుట్టను 2008లో బ్రిటిష్ లైబ్రరీ 1,94,184 పౌండ్లకు కొన్నది.

ఈ ఊరి మొదటి కట్టుకథ దెయ్యానిది కాదు, తాతముత్తాతలది. జమీందారే చర్చిలో లేని పూర్వీకులకు పలకలు పెట్టించిన ఊళ్లో, తర్వాత వచ్చినవాళ్లు లేని లేడీలకు పేటికలు కల్పించడంలో వింతేముంది? పలకల దగ్గర పావుగంట ఆగండి. అక్షరాల తీరు, కవచాల బొమ్మలు ఒకదానితో ఒకటి పోల్చి చూడండి. నేల మీద తివాచీ పరిచి ఉంటే మీరు తీయొద్దు, అక్కడున్నవాళ్లని అడగండి. పెళ్లి, అంత్యక్రియలు, ఆదివారం ప్రార్థన జరిగే వేళల్లో చూడ్డానికి కుదరదు. ముందురోజే చర్చి వేళలు చూసుకోండి.

ఇదే చర్చి గురించి ఇంకో కథ చెబుతారు. 1970లలో దెయ్యాల పరిశోధకులు కొందరు రెక్టర్‌ను, అంటే చర్చి మతగురువును, బతిమాలి రాత్రంతా లోపల తాళం వేయించుకున్నారట. పొద్దున్న తలుపు తీస్తే, "ఏమీ కనిపించలేదండీ, మీ కుక్క మాత్రం అప్పుడప్పుడూ వచ్చి పలకరించింది" అన్నారట. "నాకు కుక్క లేదే" అన్నాడట రెక్టర్. ప్లక్లీ కథలన్నిటిలో నాకు నచ్చింది ఇదే. హత్య లేదు, రక్తం లేదు, గొలుసుల చప్పుడు లేదు. మన పక్కనే కూర్చుని తోకాడించింది ఏమిటన్న ఒక్క ప్రశ్న మిగులుతుంది. చెప్పేటప్పుడు ఆఖరి మాట దగ్గర ఆపేయాలి. వివరణ మొదలుపెడితే కథ చస్తుంది.

చర్చి బయటికొచ్చాక ఇళ్ల కిటికీలు చూడండి. సన్నగా, పొడుగ్గా, పైన అర్ధచంద్రంలా గుండ్రంగా ఉంటాయి. వీటిని డెరింగ్ కిటికీలంటారు. 1640ల అంతర్యుద్ధంలో రాజు పక్షాన ఉన్న డెరింగ్ ఒకాయన, పార్లమెంట్ సైనికులు ఇంటిని చుట్టుముడితే ఇలాంటి కిటికీలోంచి తలకిందులుగా దూకి తప్పించుకున్నాడని, అదృష్టం తెచ్చిందని ఎస్టేట్ ఇళ్లన్నిటికీ అదే పెట్టించారని కథ. ఈ కిటికీలు పెట్టించింది 19వ శతాబ్దంలో, సర్ ఎడ్వర్డ్ చోమ్లీ డెరింగ్. అంటే కథలో ఆయన దూకడానికీ ఊళ్లోని కిటికీలకూ మధ్య రెండొందల ఏళ్ల తేడా. రుజువుగా చూపించే వస్తువు కథకన్నా వెనకొచ్చింది. ఏ ఊళ్లోనైనా స్థలపురాణం వినేటప్పుడు చూపిస్తున్న వస్తువు వయసు ముందు అడగాలని ఈ కిటికీలు నేర్పుతాయి.

ఫోటోలు తీసేవాళ్లకు ఒక మాట. ఇవి జనం కాపురముంటున్న ఇళ్లు. రోడ్డు మీద నుంచే తీయండి, గేటు దాటొద్దు, కిటికీలోకి కెమెరా పెట్టొద్దు. చర్చి దగ్గర్లోనే బ్లాక్ హార్స్ పబ్ ఉంటుంది. దాని పేరులోని నల్లగుర్రం డెరింగుల వంశచిహ్నంలోది. గిన్నెలు, చెంచాలు, కోట్లు తీసి దాచేసే అల్లరి దెయ్యం ఇక్కడుందంటారు. 1990ల మొదట్లో ఐటీవీ చానల్ సీరియల్ ఒకటి ఈ ఊళ్లో తీశారు. అప్పటి నుంచి దానికోసం వచ్చే అభిమానులు వేరు, దెయ్యాల కోసం వచ్చేవాళ్లు వేరు.

సరెండెన్ డెరింగ్ భవంతి చూస్తామని వెళ్లేవాళ్లు నిరాశపడతారు. అది 1952 అక్టోబర్ 10న కాలిపోయింది. మిగిలిన భాగాల్లో జనం నివాసముంటున్నారు, లోపలికి పోనివ్వరు. అయినా ఆ భవంతి కథ తెలుసుకుని వెళ్లాలి. 20వ శతాబ్దం మొదట్లో అక్కడ అద్దెకున్నది వాల్టర్ వైనన్స్ అనే అమెరికన్. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తే జింక బొమ్మను కాల్చే పోటీలో బంగారు పతకం, 1912 స్టాక్‌హోమ్‌లో శిల్పకళకు మరో బంగారు పతకం గెలిచిన మనిషి. ఆటకూ కళకూ రెండింటికీ ఒలింపిక్ స్వర్ణం అందుకున్నవాడు. కథ ప్రకారం ఆయన ఒక క్రిస్మస్ ముందురాత్రి గ్రంథాలయంలో తుపాకీ పట్టుకుని కాపు కాశాడు. తెల్ల లేడీ వచ్చింది. ఆయన కాల్చాడు. గుండు ఆమెలోంచి దూసుకుపోయి గోడకు తగిలింది. గురితప్పని షూటర్‌నే కథలోకి తెచ్చుకోవడంలో ఉంది అల్లినవాడి నేర్పంతా. ఇంకెవరైనా కాలిస్తే గురి తప్పిందనుకోవచ్చు. ఒలింపిక్ విజేత కాలిస్తే అలా అనుకునే సందు ఉండదు.

ఇక నడక. లండన్ చేరింగ్ క్రాస్, లండన్ బ్రిడ్జ్ నుంచి ఆష్‌ఫర్డ్ వైపు వెళ్లే సౌత్‌ఈస్టర్న్ రైలు హెడ్‌కార్న్ దాటాక ప్లక్లీలో ఆగుతుంది. ప్రయాణం గంటా పది నిమిషాలు అటూ ఇటూ. ఇది 1842లో తెరిచిన పల్లె స్టేషన్. లండన్ ప్రయాణాలకు వాడే ఆయిస్టర్ కార్డు ఇక్కడిదాకా చెల్లదు, ఎక్కేముందే టికెట్ కొనాలి. వారం మధ్యలో వెళ్లేవాళ్లు పొద్దున్న 10 తర్వాత బయల్దేరితే నెట్‌వర్క్ రైల్‌కార్డ్ అనే రాయితీ కార్డు మీద టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది. కాకపోతే సోమవారం నుంచి శుక్రవారం దాకా దానికి కనీస చార్జీ ఉంటుంది, అది చూసుకోండి.

స్టేషన్ నుంచి ఊరు ఉత్తరంగా 2.4 కిలోమీటర్లు, చివర్లో ఎక్కుడు. ఎక్కడం ముందే పెట్టుకుంటే మేలు. ఊళ్లో భోంచేసి దిగుతూ మిగతా చోట్లు చూసుకోవచ్చు. చుట్టూ తిరిగి మళ్లీ స్టేషన్ చేరేసరికి 8 కిలోమీటర్ల వరకు అవుతుంది. చర్చిలో గంట, భోజనానికి గంట కలిపి 5 గంటలు పెట్టుకోండి. మ్యాప్ కావాలంటే ఆర్డ్‌నెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ 137 తీసుకోండి. 1:25,000 స్కేలు, అంటే మ్యాప్ మీద 4 సెంటీమీటర్లు నేల మీద కిలోమీటరు. ఆకుపచ్చ గీతల ముక్కలు జనం నడవడానికి హక్కున్న బాటలు. అదే సంస్థ ల్యాండ్‌రేంజర్ 189లోనూ ఈ ప్రాంతం ఉంది గానీ అది 1:50,000. పొలాల మధ్య కంచె ఎటువైపు నడవాలో అందులో తెలియదు. దారి తప్పేవాళ్లలో ఎక్కువమంది ఫోన్‌లో కారు దారి చూపించే మ్యాప్ నమ్ముకున్నవాళ్లే. అది పొలం బాట చూపించదు, ఇరుకు రోడ్డు మీదకు తోస్తుంది. ఆ రోడ్లకు అన్నిచోట్లా పేవ్‌మెంట్ ఉండదు, మలుపుల్లో కార్లు ఒక్కసారిగా ఎదురొస్తాయి. సిగ్నల్ మీద ఆధారపడకుండా మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

దిగే దారిలో పిన్నక్ వంతెన వస్తుంది. చిన్న వాగు మీది చిన్న వంతెన. వాగుల్లో పెరిగే వాటర్‌క్రెస్ ఆకుకూర అమ్ముకునే జిప్సీ ముసలామె ఇక్కడ కూర్చుని పైపు కాలుస్తూ, జిన్ తాగుతూ కునుకు తీసిందని, నిప్పురవ్వ జిన్‌తో తడిసిన శాలువా మీద పడి కాలిపోయిందని కథ. ఇప్పుడామె గులాబీరంగు వెలుతురుగా కనిపిస్తుందట. సగం మంది వంతెనను గమనించకుండానే దాటిపోతారు. కథను పరీక్షించాలనుకుంటే ఇక్కడొక మంచి కొలత ఉంది. 40 శాతం ఆల్కహాలున్న మద్యం ఆవిరి అంటుకోవాలంటే ద్రవం 26 డిగ్రీలకు దగ్గరగా వేడెక్కాలి. కెంట్‌లో చలికాలం వాగు ఒడ్డున అది జరగదు. ఉన్ని శాలువా కూడా భగ్గుమనదు, కమురుతుంది. అయితే ఒంటి వేడికి గుడ్డ వెచ్చబడుతుంది, నూలు బట్ట ఉన్నికన్నా తేలిగ్గా అంటుకుంటుంది, మత్తులో ఉన్న మనిషి లేవలేదు. కాబట్టి ఇలాంటి చావు జరగలేదని కొట్టిపారేయలేం. కథలోని "భగ్గుమంది" మాత్రం అనుమానమే.

అక్కడికి దగ్గర్లో ఫ్రైట్ కార్నర్. నాలుగు దారుల కూడలి, పక్కన ఇళ్లు, అంతే. రాబర్ట్ డు బోయ్ అనే దారిదోపిడీ దొంగ ఇక్కడి తొర్ర ఓక్ చెట్టులో దాక్కునేవాడని, ఒకరోజు ఎవరో చెట్టుతో సహా కత్తితో పొడిచి చంపారని చెబుతారు. ఆ చెట్టు ఇప్పుడు లేదు. నిలబడి చూడ్డానికి ఏమీ లేదు గనుక ఇక్కడ రెండు నిమిషాలు చాలు. అయినా దీన్ని వదిలేయొద్దు. కథ చెప్పడానికి ఒక చెట్టు, కొమ్మ కింద నీడ ఉంటే చాలు, చెట్టు పోయాక కూడా కథ కూడలికి అతుక్కుని ఎలా ఉంటుందో ఇక్కడ తెలుస్తుంది.

డికీ బస్ లేన్‌లో ఉరేసుకున్న బడిపంతులు, పార్క్ వుడ్‌లో ఉరేసుకున్న కర్నల్, పాత గాలిమర దగ్గరి మిల్లరు, గుర్రాల బగ్గీ చప్పుడు, విషపు కాయలు తిని చచ్చిపోయిన రోజ్ కోర్ట్ ఇంటి ట్యూడర్ రాజుల కాలపు మహిళ, ఆమె కోసం కుమిలిపోయిన గ్రేస్టోన్స్ సన్యాసి: వీటిని జాబితాగా చదువుకుంటే చాలు. ఇళ్లు ప్రైవేటువి, లేన్‌లో చూడ్డానికి కంచెలూ పొదలూ తప్ప లేవు. ట్యూడర్ మహిళ, సన్యాసి కథలు మాత్రం రెండూ కలిపి చెబితేనే నిలబడతాయి, విడివిడిగా చెబితే రుచి ఉండదు.

ఆఖరున ఇటుకల బట్టీ. మట్టి తవ్వే గోతిలో పడి చచ్చిన కూలీ అరుపు వినిపిస్తుందట, అందుకే అరిచే మనిషి అని పేరు. స్టేషన్ వైపు ఈ మట్టి ఇటుకకు బాగా పనికొచ్చే వీల్డ్ బంకమట్టి. దెయ్యాల జాబితాలో జమీందారు లేడీల మధ్య ఒక కూలీ చావు గుర్తుండిపోయిందంటే, ఆ పనిలో ఎంత ప్రమాదముందో ఊరికి బాగా తెలుసన్నమాట. ఈ స్థలాన్ని కూడా రోడ్డు మీద నుంచే చూడాలి. పట్టాల వైపు అస్సలు పోవద్దు. 1961 నుంచి ఈ లైను మూడో పట్టా మీద 750 వోల్టుల కరెంటుతో నడుస్తోంది. నేలకు దగ్గరగా ఉండే ఆ పట్టా మీద పొరపాటున కాలు పడితే ప్రాణం పోతుంది. దెయ్యాల వేటకొచ్చి రాత్రిపూట అడ్డదారి తొక్కేవాళ్లకు ఇక్కడ నిజంగా ఉన్న ప్రమాదం ఇదొక్కటే.

ఇక అందరూ అడిగేది డెరింగ్ వుడ్. యూట్యూబ్‌లో దీన్ని అరిచే అడవి అంటారు. ఊరికి నైరుతిగా ఉంటుంది, ఓక్, హార్న్‌బీమ్ చెట్ల పాత అడవి, వుడ్‌ల్యాండ్ ట్రస్ట్ చేతిలో ఉంది, పగలు ఎవరైనా నడవొచ్చు. 1948లో ఇక్కడ ఇరవై మంది శవాలు కుప్పగా దొరికాయని ఆన్‌లైన్‌లో తిరిగే కథ పచ్చి అబద్ధం. అలాంటి ఘోరం జరిగితే ఆనాటి పత్రికలు నెలల తరబడి రాసేవి. పిల్లలకు చెప్పేముందు ఈ కథను తీసేయండి. పేటికల కథ అబద్ధమైనా దానికి ఒక ఊరి జ్ఞాపకం ఉంది. ఇది తెర ముందు కూర్చుని ఎవరో అల్లింది.

అడవిలో అరుపులు వినిపించడం మాత్రం నిజం. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఆడనక్క జతకోసం అరిచే అరుపు ఆడమనిషి కేకలా ఉంటుంది. తెల్ల గుడ్లగూబ చీరినట్టు కూస్తుంది. మంట్‌జాక్ అనే చిన్నజాతి జింక కుక్కలా ఆగి ఆగి మొరుగుతుంది, ఒక్కోసారి అరగంట ఆపదు. వెళ్లేముందు ఈ మూడింటి గొంతులూ రికార్డింగుల్లో విని వెళ్లండి. తెలిసి వింటే భయం పోయి వినికిడి పెరుగుతుంది. గాలి లేని రాత్రుల్లో పొగమంచు పల్లంలో పేరుకోవడానికీ కారణముంది. గుట్ట మీది ఇసుకరాయి నీళ్లను వదిలేస్తుంది, కింద బంకమట్టి పట్టి ఉంచుతుంది. చల్లగాలి గుట్ట దిగి ఆ తడినేల మీద నిలుస్తుంది. నవంబర్ నుంచి మార్చి దాకా ఇదే మట్టి బూట్లను పట్టి వదలదు. షూస్‌తో వెళ్లి జారిపడేవాళ్లు చాలామంది. చీలమండ కప్పే బూట్లు తప్పనిసరి.

పరికరాల మీద డబ్బు తగలేయకండి. కే2 మీటరు అని దెయ్యాల వేటగాళ్లు వాడే దీపాల పెట్టె, జేబులో ఫోన్ సిగ్నల్ వెతుక్కుంటున్నప్పుడే వెలుగుతుంది. ఇళ్ల వైరింగ్ పక్కనా వెలుగుతుంది. ఫోటోల్లో కనిపించే తెల్లటి గుండ్రాలు ఫ్లాష్ వెలుతురు లెన్స్ ముందున్న నీటిబిందువుల మీదా దుమ్ము మీదా పడి తిరిగొచ్చినవి. ఫోన్‌లో ఫ్లాష్, లెన్స్ పక్కపక్కనే ఉంటాయి గనుక అవి ఇంకా ఎక్కువ. ఫ్లాష్ ఆపేస్తే గుండ్రాలు మాయం. ఆ డబ్బుతో మ్యాప్, మంచి టార్చి కొనుక్కోండి.

అక్టోబర్ 31 రాత్రి మాత్రం వద్దు. ఏటా ఆ రాత్రికి జనం ఎగబడి ఊరివాళ్లకు నిద్ర లేకుండా చేస్తారు, పోలీసులు గస్తీ తిరగాల్సొచ్చిన సందర్భాలున్నాయి. సమాధుల మధ్య కేకలు పెట్టే చోట ఏ కథా వినిపించదు. పైగా అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పాక, అక్కడ సాయంత్రం నాలుగున్నర దాటగానే సూర్యుడు దిగిపోతాడు. చీకటి రుచి కావాలంటే మే, జూన్‌లో సాయంత్రం ఏడుకు వెళ్లండి. రాత్రి తొమ్మిది దాటాక గానీ చీకటి పడదు, దారి కనిపిస్తుంది, నేల ఎండి ఉంటుంది. రైలు ముందే చూసుకోండి. రాత్రిపూట ఆగే రైళ్లు తక్కువ.

భోజనానికి పబ్బే దిక్కు. పల్లె పబ్బుల్లో మధ్యాహ్నం రెండున్నర తర్వాత వంటగది మూసి సాయంత్రం ఆరుకు తెరవడం చాలాచోట్ల ఉంది. ఫోన్ చేసి కనుక్కోండి, ఆదివారం రోస్ట్ (కాల్చిన మాంసం భోజనం) తినాలంటే టేబుల్ బుక్ చేయండి. శాకాహారులు బుక్ చేసేటప్పుడే ఆ మాట చెప్పండి. బల్ల దగ్గర కూర్చుని ఎదురుచూస్తే ఎవరూ రారు, బార్ దగ్గరికెళ్లి ఆర్డరిచ్చి డబ్బు కట్టాలి. దెయ్యం గురించి అడగాలనుంటే జనం రద్దీ తగ్గాక, ఆర్డరిచ్చాక, మర్యాదగా అడగండి. చెప్పేవాళ్లు చెబుతారు, విసుగెత్తినవాళ్లు చెప్పరు. ఎవరినీ ఒత్తిడి చేయకండి.

ఇంకా అనుమానమున్నవాళ్లకు ఒక సంగతి. 1950లలో ఫ్రెడరిక్ శాండర్స్ అనే దెయ్యాల వేటగాడు ఈ ఊరి మీద రాశాడు. అదే దశకంలో ఈ ఊళ్లో ఉన్న రేడియో ప్రయోక్త డెస్మండ్ కారింగ్టన్, పత్రికలో క్రిస్మస్ వ్యాసం కోసం కొన్ని దెయ్యాలను తానే కల్పించానని తర్వాత చెప్పాడు. ఇది తెలిశాక ప్లక్లీ విలువ తగ్గిందనేవాళ్లతో నేను ఏకీభవించను. ఏది పాత నోటి కథ, ఏది పత్రిక కథ, ఏది ఇంటర్నెట్ కథ అని ఒకే ఊళ్లో మూడు పొరలు విడదీసి చూపించే చోటు ఇంకెక్కడుంది?

మిగతా చోట్లతో పోలిస్తే: ఎసెక్స్‌లోని బోర్లీకి పేరు పెద్దది గానీ అక్కడి రెక్టరీ, అంటే రెక్టర్ ఉండే ఇల్లు, 1939లో కాలిపోయి 1944లో నేలమట్టమైంది, చూడ్డానికి ఇల్లే లేదు. యార్క్‌లో 1973 నుంచి నడుస్తున్న దెయ్యాల నడకలో చెప్పేవాడు నటుడిలా చెబుతాడు, పట్టణం మధ్యలో ఉంటుంది, పిల్లలకూ పెద్దవాళ్లకూ సులువు. కథ ఎవరైనా చెబితే వినాలనుకునేవాళ్లు యార్క్ వెళ్లండి. మ్యాప్ పట్టుకుని తామే వెతుక్కోవాలనుకునేవాళ్లకు ప్లక్లీ. నడవలేని పెద్దవాళ్లుంటే ఆష్‌ఫర్డ్ దాకా రైల్లో వెళ్లి అక్కడి నుంచి టాక్సీ ముందే మాట్లాడుకోండి, చర్చి, కిటికీలు, పబ్ చూసుకుని వెనక్కి రండి. ప్లక్లీ స్టేషన్ బయట టాక్సీ దొరుకుతుందని దిగొద్దు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలతో వంతెన దాకా వెళ్లి తిరిగి ఎక్కేయండి. కూడలి, బట్టీ వాళ్లకు బోరు కొడతాయి, చర్చి కుక్క కథ మాత్రం రెండుసార్లు చెప్పమంటారు.